విశాఖలో బడి బస్సు, రవాణా భత్యం, ఆర్టీసీ పాసు: ఏ బిడ్డకు ఏది వర్తిస్తుంది, ఎలా తెచ్చుకోవాలి

జూన్ 12న బడులు తెరుస్తారనగానే మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క: పిల్లలు బడికి ఎలా వెళ్తారు, నెలకు ఎంతవుతుంది, ఎవరు దింపుతారు, ఎవరు తీసుకొస్తారు? ఈ లెక్కలో చాలామంది తల్లిదండ్రులు తమకు రావాల్సినది వదిలేసుకుంటున్నారు. అర్హత లేక కాదు, దూరాన్ని కాగితం మీద పెట్టించుకోకపోవడం వల్ల. రవాణాకు సంబంధించిన నియమాలన్నీ దూరం చుట్టూనే తిరుగుతాయి. ఆ దూరాన్ని మీరు కొలిచి, రాసి, సంతకం వేయించుకోకపోతే ఆఫీసులో ఎవరో వేసిన అంకే మిగులుతుంది.

మొదట ఒక అపోహ తీరాలి. మన ప్రభుత్వ బడులకు సాధారణంగా సొంత పసుపు బస్సులు ఉండవు. ప్రభుత్వ బడి విషయంలో "రవాణా అర్హత" అంటే ఆచరణలో రవాణా భత్యం, దానితోపాటు ఆర్టీసీ పాసు. ప్రైవేటు బడిలో బస్సు ఉంటుంది గానీ ఎవరిని ఎక్కించుకోవాలో ఆ బడే నిర్ణయిస్తుంది. బస్సు భద్రత నియమాలు మాత్రం బడి ఇష్టం కాదు, చట్టం చెప్పినవే. మీ బిడ్డ ఏ బడిలో ఉంటే ఆ భాగం ముందు చదవండి. దూరం కొలిచే భాగం మాత్రం అందరూ చదవాలి.

దూరం లెక్క: ఒకటి, మూడు, ఐదు

విద్యాహక్కు చట్టం 2009 కింద మన రాష్ట్రం చేసిన 2010 నియమాల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు ఒక కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్లు. ఆ దూరంలో బడి లేకపోతే ఉచిత రవాణా గానీ, ఉండి చదువుకునే వసతి గానీ ప్రభుత్వం చూపించాలి. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలోకి రావు. వాటికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం 5 కిలోమీటర్ల ప్రాతిపదిక పెట్టుకుంది. 2021లో ఆ పథకాన్ని సవరించినప్పుడు రవాణా సాయాన్ని ఉన్నత పాఠశాల స్థాయికి కూడా పెంచారు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. లెక్కలోకి వచ్చేది మీరు చేర్పించిన బడి దూరం కాదు, మీ బిడ్డ తరగతి ఉన్న అతి దగ్గరి ప్రభుత్వ బడి దూరం. ఇంటికి 700 మీటర్లలో 6వ తరగతి ఉన్న మునిసిపల్ హైస్కూలు ఉండగా, బాగుంటుందని 4 కిలోమీటర్ల అవతల జిల్లా పరిషత్ హైస్కూల్లో వేస్తే భత్యం రాదు. మంచి బడి ఎంచుకోవడం మీ హక్కు. ఆ ఖర్చు మాత్రం మీ మీదే పడుతుందని ముందే తెలిసి ఉండాలి.

రెండో మెలిక తరగతులు బడులు మారడం. 2022లో జీఓ 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీఓను పక్కనపెట్టి మోడల్ ప్రైమరీ స్కూళ్ల పద్ధతి తెచ్చారు. కాబట్టి పక్క వీధిలో బడి ఉందన్నది సరిపోదు, ఈ ఏడాది అందులో ఏయే తరగతులు నడుస్తున్నాయో చూడాలి. అక్కడ 2వ తరగతి వరకే ఉంటే మీ నాలుగో తరగతి పిల్లవాడికి అది దగ్గరి బడి కాదు. అక్కకు అర్హత లేకుండా తమ్ముడికి ఉండటం, లేదా అటుదిటు కావడం ఇందువల్లే జరుగుతుంది. ఇంటికి ఒక అర్జీ అనుకోకుండా బిడ్డకు ఒక అర్జీ పెట్టండి.

ఎలా కొలవాలి

గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి దగ్గర ఒక పిన్ను, బడి గేటు దగ్గర మరో పిన్ను పెట్టి నడక దారి ఎంచుకోండి. బైకు దారి, కారు దారి వద్దు. వచ్చిన అంకెను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఒకసారి బిడ్డతో ఆ దారినే నడవండి. విశాఖలో ఇది తప్పనిసరి, ఎందుకంటే మ్యాపు మన ఊరిని మూడు చోట్ల తప్పుగా చూపిస్తుంది.

ఆరిలోవ, హనుమంతవాక వైపు కొండవాలు కాలనీల్లో మెట్ల దారులు కొన్ని మ్యాపులో లేవు, కొన్ని ఉన్నా వానాకాలంలో పిల్లలు దిగలేరు. జాతీయ రహదారి 16 వెంబడి డివైడర్ ఉన్నచోట కూడా మ్యాపు నేరుగా రోడ్డు దాటించేస్తుంది. అసలు నడక దారి దగ్గరి సిగ్నల్ దాకానో, కాలినడక వంతెన దాకానో వెళ్లి తిరిగి రావాలి. ఇక గాజువాక, మల్కాపురం వైపు పరిశ్రమల ప్రహరీలు, రైల్వే ట్రాకులు అడ్డొస్తాయి. గాల్లో గీత గీస్తే 800 మీటర్లు వచ్చేది కాళ్లతో కిలోమీటరున్నర అవుతుంది. నియమంలో ఉన్నది నడక దూరం. గాల్లో గీసిన దూరంతో మీ అర్జీ తిరస్కరిస్తే ఆ మాటనే పట్టుకుని అడగండి.

నియమం "నివాస ప్రాంతం" అని చెబుతుంది గనుక కాలనీ మధ్య నుంచి కొలిచామని కొన్నిసార్లు అంటారు. మీ ఇల్లు కాలనీ చివర ఉంటే ఇంటి నుంచి దూరం, కాలనీ కూడలి నుంచి దూరం రెండూ రాయండి. కూడలి నుంచి కూడా హద్దు దాటితే ఇక వాదనే లేదు.

కిలోమీటరు లోపే ఉన్నా దారి ప్రమాదమైతే

ఈ నియమం చాలామందికి తెలియదు, కానీ విశాఖ కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. కొండ దారులు, చరియలు విరిగిపడే చోట్లు, వరద, రోడ్డు లేకపోవడం, ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉండటం: ఇలాంటి పరిస్థితుల్లో దూరం హద్దును తగ్గించి బడి చూపించాలని విద్యాహక్కు నియమాలు చెబుతాయి. అంటే 600 మీటర్లే అయినా మధ్యలో ఆరు వరుసల హైవే ఉందంటే "కిలోమీటరు దాటలేదు" అన్న ఒక్క మాటతో ఫైలు మూసేయడానికి లేదు.

దీన్ని వాడుకోవాలంటే ప్రమాదాన్ని కళ్లకు కనిపించేలా చూపించాలి. "దారి బాగోలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. ఉదయం 8 నుంచి 9 మధ్య రోడ్డు దాటే చోట ఫోటో తీయండి, లారీలు, కంటైనర్లు కనిపించాలి. సిగ్నల్ ఉందా, ఫుట్‌పాత్ ఉందా, గెడ్డ పొంగితే ఎక్కడిదాకా నీళ్లొస్తాయి, వీధి దీపాలున్నాయా రాయండి. ఆ దారిన వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఐదారుగురు కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెడితే బలం వేరు.

భత్యం కోసం వరుసగా చేయాల్సినవి

సమగ్ర శిక్ష కింద ఒక్కో బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయల వరకు రవాణా సాయం ఇవ్వొచ్చు. పది నెలలకు పంచితే నెలకు 600. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు చెబుతుంది. ఆ లెక్కన రోజుకు సుమారు 27 రూపాయలు, అంటే పోనూ రానూ ఒక్కోసారికి 13 రూపాయల చిల్లర. మాట్లాడుకున్న ఆటో ఖర్చుకు ఇది చాలదు, షేర్ ఆటోకో సిటీ బస్సుకో చాలా వరకు సరిపోతుంది. పైగా ఈ డబ్బు సాధారణంగా ముందుగా చేతికి రాదు. జూన్ నుంచి మీరే పెట్టుకుని తర్వాత అందుకునేది. ఇంటి బడ్జెట్ అలాగే వేసుకోండి.

1. బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రధానోపాధ్యాయుల దగ్గర మీ బిడ్డ చిరునామా సరిగ్గా ఉందో చూడండి. ఇల్లు మారినా పాత చిరునామాయే ఉంటే దూరం తప్పు పడుతుంది. ఊరి చివర లేఅవుట్లకు, టిడ్కో ఇళ్లకు మారిన కుటుంబాలకు ఇదే పెద్ద చిక్కు. ఆధార్‌లో చిరునామా కూడా మార్పించుకోండి.

2. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే లాభం లేదు.

3. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఈ విషయం తీర్మానంగా రాయించండి. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. అది మీ కమిటీ. తీర్మానం పుస్తకంలో పిల్లల పేర్లు, తరగతి, దూరం ఉండాలి. "కొందరు విద్యార్థులు" అని రాస్తే పై ఆఫీసులో ఆ కొందరెవరో తేలక ఆగిపోతుంది.

4. జాబితా మండల విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి వెళ్లిందా అని రెండు వారాల తర్వాత అడగండి. పంపిన తేదీ రాసుకోండి.

5. బ్యాంకు ఖాతా చూడండి. ఆధార్ లింకు అయితే చాలదు, నేరుగా డబ్బు జమయ్యేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (మీ ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో నమోదు చేయడం) కూడా ఉండాలి. రెండు మూడు ఖాతాలుంటే డబ్బు ఆఖరున మ్యాప్ అయిన ఖాతాలో పడుతుంది. "రాలేదు" అనుకున్న డబ్బు వాడని ఖాతాలో పడి ఉండటం మామూలే.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ వారికి. మా అమ్మాయి (పేరు) మీ బడిలో 4వ తరగతి చదువుతోంది. మా నివాసం (కాలనీ, వార్డు). 4వ తరగతి ఉన్న ప్రభుత్వ బడుల్లో మాకు అతి దగ్గరిది మీ బడే. నడక దారిలో ఇంటి నుంచి 1.4 కిలోమీటర్లు, కాలనీ కూడలి నుంచి 1.2 కిలోమీటర్లు. దారిలో జాతీయ రహదారి దాటాలి, దాటే చోట సిగ్నల్ లేదు. మ్యాపు ప్రతి, ఫోటోలు జతచేశాం. విద్యాహక్కు నియమాల ప్రకారం రవాణా సౌకర్యానికి అర్హుల జాబితాలో చేర్చి, కమిటీ తీర్మానంతో మండల విద్యాశాఖాధికారికి పంపాలని మనవి."

హాజరు సంగతి మరవకండి. తల్లికి వందనం పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. బస్సు తప్పిపోయి వారానికి రెండు రోజులు మానేసే పిల్లవాడు భత్యమే కాదు, అదీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. స్టీల్ ప్లాంటులో ఉదయం 6 గంటల షిఫ్టుకు వెళ్లే తండ్రి, తెల్లవారుజామునే పనికి బయల్దేరే తల్లి ఉన్న ఇంట్లో పిల్లల్ని దింపే మనిషే ఉండరు. అలాంటి ఇళ్లలో దూరం భారం ఎక్కువగా ఆడపిల్ల మీద పడుతుంది. ఐదో తరగతి అయ్యాక, ఎనిమిదో తరగతి అయ్యాక బడి దూరమైనప్పుడే చదువు ఆపించేస్తారు. ఆ రెండు మలుపుల్లో రవాణా ముందే కుదుర్చుకోవడం చాలా ముఖ్యం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఈ లెక్క వేరు. వారికి భద్రమైన, అనువైన రవాణా కల్పించాలని నియమమే చెబుతుంది. సమగ్ర శిక్షలో రవాణా భత్యంతోపాటు వెంట వచ్చే మనిషికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు పది నెలలపాటు నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉన్నాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు ఇస్తుంది. వైకల్య శాతం చూపే సదరం సర్టిఫికెట్ తీసుకుని, ఈ పిల్లల కోసమే ఉన్న భవిత కేంద్రం టీచర్ల ద్వారా వెళ్లండి. ఈ దారి వాళ్లకు బాగా తెలుసు.

జిల్లా ఏదో చూసుకోండి

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. పెందుర్తి విశాఖ జిల్లాలో ఉంది, పక్కనున్న సబ్బవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. అనకాపల్లి పట్టణం జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ)లో భాగమే అయినా జిల్లా వేరు. ఇల్లు ఒక జిల్లాలో, బడి ఇంకో జిల్లాలో ఉంటే మీ అర్జీ వెళ్లాల్సింది బడి ఉన్న జిల్లా విద్యాశాఖకే, ఎందుకంటే జాబితా తయారయ్యేది బడి నుంచి. అర్జీలో రెండు మండలాల పేర్లూ రాయండి.

ఆర్టీసీ

ఆడపిల్లలకు ఇప్పుడు పని తేలికైంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే ఉచితం. అయినా జీరో టికెట్ అడిగి తీసుకోవడం పిల్లకు నేర్పండి, తనిఖీలో చూపించాల్సింది అదే. ఆధార్‌లో ఐదేళ్లకు, పదిహేనేళ్లకు బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. చిన్ననాటి ఫోటోతోనే ఉంటే కండక్టర్ దగ్గర మాట పడాల్సి వస్తుంది.

అబ్బాయిలకు 12 ఏళ్ల దాకా ఉచిత పాసు ఉంది. ఆ తర్వాత రాయితీ పాసే. అంటే 8వ తరగతి అబ్బాయికి చదువు ఉచితమే, బస్సు కాదు. ఈ వయసు అబ్బాయిల తల్లిదండ్రులే భత్యం అర్జీ గట్టిగా పట్టుకోవాలి.

పాసుకు ఆర్టీసీ పాసుల వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, ప్రింటు తీసి, ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర వేయించి, ఫోటో, ఆధార్‌తో కౌంటర్‌కు వెళ్లాలి. ద్వారకా బస్‌స్టేషన్, మద్దిలపాలెం, గాజువాక వంటి చోట్ల కౌంటర్లున్నాయి. జూన్ మూడో వారం వచ్చేసరికి వరుసలు పెరిగిపోతాయి, బడి తెరిచిన రెండు మూడు రోజుల్లోనే వెళ్లడం మేలు. దరఖాస్తులో రూటు రాసేటప్పుడు ఎక్కే స్టాపు, దిగే స్టాపు సరిగ్గా ఇవ్వండి. బస్సు మారాల్సి ఉంటే మారే స్టాపు కూడా చెప్పాలి, లేకపోతే సగం దారికే పాసు వస్తుంది.

ప్రైవేటు బడి బస్సు

ఇక్కడ దూరం హక్కు లేదు, ఒప్పందం ఉంది. అందుకే ఫీజు కట్టే ముందు ఈ సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: మీ స్టాపు ఎక్కడ (ఇంటి ముందా, మెయిన్ రోడ్డు మీదా), స్టేజీ ఏది, ఫీజు పది నెలలకా పన్నెండు నెలలకా, మధ్యలో మానితే ఎంత తిరిగిస్తారు, ఆ రూటులో పిల్లలు తగ్గితే బస్సు ఆపేస్తారా. చివరి ప్రశ్నే అసలుది. ఊరి అంచున, ఆనందపురం, పెందుర్తి అవతల లేఅవుట్లలో ఆగస్టుకల్లా రూటు కుదించడం వల్ల పిల్లలు మెయిన్ రోడ్డు దాకా నడవాల్సి వస్తోంది. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం కోటాలో ఒకటో తరగతి ఉచిత సీటు వచ్చినవాళ్లు కూడా బస్సు ఫీజు సంగతి చేరే ముందే అడగాలి. సీటు వదులుకునే పరిస్థితి చాలాసార్లు అక్కడే వస్తుంది.

బడి బస్సుల ఫిట్‌నెస్ మన రాష్ట్రంలో ఏటా మే 15తో ముగుస్తుంది. బడి తెరిచేలోపు మళ్లీ పరీక్ష చేయించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) తీసుకోవాలి. జూన్ మొదటి వారంలో ఎంపరివాహన్ యాప్‌లో బస్సు నంబరు కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు, వాహనం తరగతి కనిపిస్తాయి. నిమిషం పని.

తర్వాత బస్సు దగ్గరకు టేపు పట్టుకుని వెళ్లండి. మొదటి మెట్టు నేల నుంచి 325 మిల్లీమీటర్లు, అంటే సుమారు అడుగుకు మించకూడదు. టైరు మార్చినా, స్ప్రింగు పట్టాలు వేసినా ఈ ఎత్తు పెరుగుతుంది. యూకేజీ పిల్ల మోకాలితో పాకి ఎక్కుతోందంటే మెట్టు ఎత్తుగా ఉన్నట్టే. దిగేటప్పుడు ముందుకు పడేది అలాంటి పిల్లలే. కిటికీలకు అడ్డ కడ్డీలు, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా (సీటు వేసి మూసేయలేదు కదా), అగ్నిమాపక సిలిండర్ గడువు, ప్రథమ చికిత్స పెట్టెలో మందుల తేదీలు, బస్సు ముందు నిలబడ్డ చిన్నపిల్ల డ్రైవరుకు కనిపించేలా కుంభాకార అద్దం చూడండి. డ్రైవరుకు 60 ఏళ్లు మించకూడదు, భారీ వాహనం నడిపిన అనుభవం ఐదేళ్లు ఉండాలి. బస్సులో సహాయకుడు తప్పనిసరి. అద్దెకు తెచ్చిన బస్సయితే "ఆన్ స్కూల్ డ్యూటీ" అని రాసి ఉండాలి. లోపం కనిపిస్తే ముందు బడికి రాసివ్వండి, వారంలో కదలకపోతే మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయానికి.

ఆటో, వ్యాను

వేరే దారి లేక ఎక్కువమంది పిల్లలు వెళ్లేది వీటిలోనే. 2023 నవంబరులో సంగం శరత్ కూడలిలో బడి పిల్లల ఆటోను లారీ ఢీకొట్టి ఎనిమిది మంది గాయపడ్డారు. సుప్రీంకోర్టు మార్గదర్శకాల లెక్కలో 12 ఏళ్ల లోపు పిల్లలను సీట్ల సంఖ్యకు ఒకటిన్నర రెట్ల దాకానే ఎక్కించాలి. ముగ్గురు కూర్చునే ఆటోలో అది నలుగురు. 12 దాటితే పెద్దవాళ్ల కిందే లెక్క. డ్రైవరు పక్కన ఎవరినీ కూర్చోబెట్టకూడదు, కుడివైపు కడ్డీ ఉండాలి, బ్యాగులు బయటకు వేలాడకూడదు. నలుగురితోనే వెళ్లమంటే డ్రైవరుకు గిట్టదు, అది నిజమే. ఆ నలుగురి తల్లిదండ్రులే కలిసి మాట్లాడుకుని నెల మొత్తం ముందే ఒప్పుకుంటే గిట్టుతుంది. ఎనిమిది మందిని ఎక్కించినప్పుడు తలకు మిగిలే తేడాతో పోల్చుకుని మీరే నిర్ణయించుకోండి.

వ్యాను తెల్ల నంబరు ప్లేటుతో ఉంటే వద్దు. అది సొంత వాడకం బండి. కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ షరతు ఉల్లంఘన అంటుంది, పరిహారం కోసం కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు.

అర్జీ కదలకపోతే

ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాశాఖాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి, ఈ వరుస తప్పొద్దు. నెల దాటినా జవాబు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేసి నమోదు చేయించండి. రసీదు నంబరు దాచుకోండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చినా పని జరగకపోతే అదే నంబరుతో మళ్లీ తెరిపించండి. విద్యాహక్కు ఉల్లంఘనలను రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కూడా వింటుంది. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే 1098, లేదా 112.

దూరం తప్పు వేశారని అనుమానం ఉంటే జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడే ప్రశ్నలు అడగండి: మా బడి నుంచి ఈ ఏడాది రవాణా భత్యానికి పంపిన జాబితా ప్రతి, అందులో మా బిడ్డకు చూపిన దూరం ఎంత, ఆ దూరాన్ని ఏ పద్ధతిలో, ఏ చోటి నుంచి ఏ చోటికి కొలిచారు.